నది పక్క ఇల్లంటే బీమా ఇవ్వరా?



మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే మన ఆడవాళ్ళం చేసే పనులు కొన్ని ఉన్నాయి. డాబా ఊడ్చి తూము శుభ్రం చేయిస్తాం. ఊరగాయ జాడీలు నేలమీద నుంచి అటకమీదికి ఎక్కిస్తాం. కిందటేడు కారిన చోట మళ్ళీ కారుతుందేమోనని తలెత్తి చూసుకుంటాం. ఇంటిని ఇంతగా కనిపెట్టుకుని ఉండే మనం, ఆ ఇల్లే కూలితే ఏమిటి గతి అన్న ప్రశ్న మాత్రం వేసుకోం. వేసుకుంటే అపశకునం అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని.

మాది గద్వాల. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల గనుక మా ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఆ రెండు నదుల చలవతోనే మా పొలాలు పండుతాయి, మా కుండలు నిండుతాయి. అటువంటి నదుల పేర్లే బీమా ఆఫీసులో మాకు అడ్డం వస్తాయని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ సంగతే ఈవేళ మీతో ముచ్చటించాలని నా కోరిక.

ముందు ఒక పాత మాట చెప్పాలి. 2009 అక్టోబరు మొదటి రోజుల్లో వచ్చిన వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచెత్తింది. ఇవతలి ఒడ్డున మా అలంపురం, రాజోలి కూడా మునిగాయి. శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి, 885 అడుగుల పూర్తి మట్టాన్ని కూడా దాటిపోయింది. అంతటి నీరు వస్తుందని ఎవరూ ఊహించలేదు.

మా మేనత్త ఇల్లు అలంపురంలోనే. కట్టుబట్టలతో బయటపడ్డారు. నీళ్ళు తీసిన తరువాత చూస్తే ముందరి రెండు గదులూ కూలివున్నాయి, వెనక వంటింట్లో మోకాలిలోతు బురద. ఆవిడ అప్పుడన్న మాట నేనింకా మరువలేదు. “మామయ్యకు ఎల్లైసీ ఉండె. బర్రెకు సుత బ్యాంకోళ్ళు బీమా చేపిచ్చిరి. ఇంటికి చేపియ్యాలని ఒక్కరూ చెప్పకపోయిరమ్మా!” అన్నది. మెడలోని గొలుసు, చేతి గాజులు అమ్మి ఆ గదులు మళ్ళీ లేపుకున్నారు. రెండేళ్ళు పట్టింది.

అంత చూసీ నేను బుద్ధి తెచ్చుకున్నానా అంటే, లేదు. మేము ఇల్లు కట్టినప్పుడు బ్యాంకు అప్పుతోపాటు ఏదో బీమా కాగితం కూడా ఇచ్చారు. దాన్ని పట్టాకాగితాలతో కలిపి ట్రంకుపెట్టెలో పెట్టి, మన ఇంటికి బీమా ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. అప్పు తీరిన తరువాత ఒకనాడు తీసి చదివితే, దాని గడువు తీరి అప్పటికే ఏడాది దాటింది! అది బ్యాంకు తన అప్పు భద్రం కోసం చేయించినది. అప్పు తీరాక ఎవరు గుర్తుచేస్తారు? మీ ఇంటి మీద అప్పు ఉంటే, ఈ సాయంత్రమే ఆ కాగితం తీసి రెండు సంగతులు చూడండి: గడువు ఎప్పటివరకు ఉంది, మొత్తం ఇంటికా లేక అప్పు మేరకేనా అని.

సరే, బీమా ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి అబ్బాయి మర్యాదగానే కూర్చోబెట్టాడు.

“ఏ ఊరమ్మా?”

“గద్వాల.”

“అయ్యో, అది నది ఏరియా కదమ్మా. రిస్కు ఉన్న చోటికి పైవాళ్ళు ఒప్పుకోరు.”

“బాబూ, కృష్ణ మా ఇంటికి మైళ్ళ దూరంలో ఉంది. మా వీధిలోకి ఏనాడూ నీళ్ళు రాలేదు.”

“మీరు చెప్పేది నిజమేనమ్మా. కానీ మాకు జిల్లా పేరే కనబడుతుంది. మీ ఇల్లు కనబడదు.”

ఇంటికి వచ్చి చెబితే మావారు, “పోనీలేవే! తిరిగిరాని డబ్బు కట్టడానికి ఇన్ని తిప్పలెందుకు?” అన్నారు. కానీ నాకు మా మేనత్త గాజులు గుర్తొచ్చాయి. పదో తరగతి చదివినదాన్నే అయినా, అడిగి తెలుసుకోవడానికి డిగ్రీలు అక్కరలేదు కదా! అలా అడిగి, చదివి, తిరిగి తెలుసుకున్నవే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

కంపెనీ ఎందుకు వెనకాడుతుంది?

మనం చీటీ వేస్తాం చూడండి. ఇరవై మంది కడితే నెలకు ఒక్కరు పాడుకుంటారు. ఇరవై మందీ ఒకే నెలలో నాకంటే నాకని చేయి చాచితే ఆ చీటీ నడుస్తుందా? బీమా కూడా అంతే. ఊళ్ళో వెయ్యి ఇళ్ళకు బీమా ఉంటే, ఏ ఏడాది చూసినా నిప్పంటుకునేది ఒకటో రెండో. మిగతావాళ్ళ సొమ్ముతో వాళ్ళ నష్టం పూడుతుంది. వరద అలా రాదు. వస్తే వీధికి వీధి ఒకే రాత్రి మునుగుతుంది. అందుకే కంపెనీలకు నది పేరు చెబితే గుండె దడ. ఈ భయానికి విరుగుడుగా బీమా కంపెనీలు కూడా తమకంటే పెద్ద సంస్థల దగ్గర బీమా చేసుకుంటాయి. మన దేశంలో ఆ పని చేసే ప్రభుత్వ సంస్థ జి.ఐ.సి.

ఈ చిక్కు మన నడిగడ్డకే వచ్చింది కాదు. అమెరికాలో మామూలు ఇంటి పాలసీలో వరద నష్టం చేరదు. ప్రైవేటు కంపెనీలు ముందుకు రాకపోతే 1968లో ప్రభుత్వమే వరద బీమా పథకం పెట్టవలసి వచ్చింది. కాలిఫోర్నియాలో కార్చిచ్చుల భయంతో ఒక పెద్ద కంపెనీ 2023లో కొత్త ఇళ్ళకు పాలసీలు ఇవ్వడం ఆపేసింది. ఇంగ్లండులో 2016 నుంచి ఒక పద్ధతి ఉంది. ఇంటి బీమా చేసే కంపెనీలన్నీ ఒక ఉమ్మడి నిధికి కొంత కట్టాలి. ముంపు ప్రాంతాల ఇళ్ళ భారం ఆ నిధి మోస్తుంది. అయితే 2009 తరువాత కట్టిన ఇళ్ళకు అందులో చోటు లేదు. నీళ్ళు వచ్చే చోట కొత్తగా ఇళ్ళు కట్టేవాళ్ళను ప్రోత్సహించరాదని ఆ నియమం. సబబుగానే ఉంది కదూ?

మన దేశంలో మాట

మనకు ఇక్కడ ఒక మేలు ఉంది. ఆ మేలు సంగతి ఆ ఆఫీసులో నాకెవరూ చెప్పలేదు. బీమా నియంత్రణ సంస్థ, దాని కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది, 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే నమూనా పాలసీని అమలులోకి తెచ్చింది. అగ్ని బీమా వ్యాపారం చేసే ప్రతి సాధారణ బీమా కంపెనీ ఈ పాలసీని అమ్మకానికి పెట్టి తీరాలి. పేరుకు అగ్ని బీమా గానీ అందులో పిడుగు, భూకంపం, తుఫాను, వరద, ముంపు, కొండచరియ విరగడం, అల్లర్లు, నీళ్ళ ట్యాంకు పగలడం వంటివన్నీ చేరివున్నాయి. అమెరికాలోలాగా వరదకు వేరే పాలసీ వెతుక్కోనక్కర లేదు.

అంటే కంపెనీ కాదనకూడదా? అనవచ్చు. మన దరఖాస్తు చూసి, ఇల్లు చూసి, వద్దనే స్వేచ్ఛ దానికి ఉంది. కానీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల ఇళ్ళకు బీమా ఇవ్వరాదని ప్రభుత్వ నియమం ఏదీ లేదు. ‘ఇవ్వరమ్మా’ అని కౌంటరు దగ్గర విన్న మాట ఆ మనిషి మాటో, ఆ ఒక్క కంపెనీ మాటో మాత్రమే. ఇంకో సంగతి కూడా ఉంది. ఇంటి బీమాకు ప్రీమియం తక్కువ, కాబట్టి ఏజెంటుకు వచ్చే కమీషనూ తక్కువే. మోటారు బండి బీమాకు, జీవిత బీమాకు మన గడప ఎక్కే ఏజెంటు ఇంటి బీమా ఊసెత్తకపోవడానికి అదొక కారణం.

అందుకని, ఒకచోట కాదంటే చిన్నబుచ్చుకుని తిరిగి రాకండి. మూడు పనులు చేయండి.

మొదటిది, నోటిమాటగా అడగకండి. దరఖాస్తు ఫారం తీసుకుని నింపి ఇవ్వండి. ఇవ్వలేమంటే ఆ కారణం కాగితం మీద రాసివ్వమనండి. రాతలో పెట్టవలసి వచ్చేసరికి చాలామంది, “ఒకసారి పైవాళ్ళను అడిగి చూస్తానమ్మా” అంటారు.

రెండవది, జిల్లా పేరు కాక మీ ఇల్లు వాళ్ళకు కనబడేలా చేయండి. ఇల్లు ఎన్నేళ్ళ కింద కట్టారు, గోడలు దేనితో, స్లాబు ఏమిటి, వీధి మట్టానికి గచ్చు ఎంత ఎత్తు, నదికో చెరువుకో ఎంత దూరం, 2009లో నీళ్ళు వచ్చాయా లేదా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి నాలుగు ఫొటోలు జతపరచండి. సర్వేయరును పంపి చూసుకోమనండి. అయితే ఒక్క అబద్ధం కూడా రాయకండి సుమా! నీళ్ళు వచ్చిన ఇంటికి రాలేదని రాస్తే పాలసీ వస్తుందేమో గానీ, రేపు నష్టం జరిగిననాడు ఆ అబద్ధమే క్లెయిము నోట్లో మట్టి కొడుతుంది.

మూడవది, మరో కంపెనీని అడగండి. ప్రభుత్వ రంగంలోనే నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అని నాలుగున్నాయి. ప్రైవేటువి ఇంకా ఎన్నో. నాకు రెండో ప్రయత్నంలో దొరికింది. మా ఇంటికి ఏడాదికి పడ్డ ప్రీమియం ఒక గద్వాల పట్టుచీర వెలలో నాలుగోవంతు కూడా కాదు. మావారు ఆ అంకె చూసి, “ఇంతేనా?” అని ఊరుకున్నారు.

ఎంతకు చేయించాలి?

ఇక్కడ మనం పొరబడతాం. మన స్థలం ధర నలభై లక్షలు, ఇల్లు ఇరవై లక్షలు అయితే అరవైకి చేయించాలనుకుంటాం. నేల ఎక్కడికీ పోదు, దానికి బీమా ఉండదు. ఈవేళ ఆ ఇంటిని మళ్ళీ కట్టాలంటే ఎంతవుతుందో అంతే లెక్క. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు రెండు వేలు అనుకుంటే ఇరవై లక్షలు. ఇంటికి చేయిస్తే లోపలి సామానుకు అందులో నూటికి 20 వంతు, అంటే నాలుగు లక్షలు, వేరే చెప్పకపోయినా చేరుతుంది. ఎంత పెద్ద ఇల్లయినా అలా చేరేది 10 లక్షలకు మించదు. నగలు, వెండి మాత్రం ఇందులో రావు. వాటిని విడిగా చెప్పి చేర్పించుకోవాలి.

పాత పాలసీల్లో ఒక మెలిక ఉండేది. ఇరవై లక్షల ఇంటికి పదికే చేయిస్తే, నాలుగు లక్షల నష్టానికి రెండే ఇచ్చేవారు. సగానికే బీమా చేశావు గనుక సగమే అనేవారు. ఈ కొత్త పాలసీలో ఆ కోత లేదు. చేయించిన మొత్తానికి లోబడి అసలు నష్టం ఇస్తారు. కూలిన మట్టీ రాళ్ళూ ఎత్తిపోయడానికి, ఇల్లు బాగయ్యేదాకా బయట అద్దెకుండడానికి కూడా ఏర్పాటు ఉంది.

అద్దె ఇంట్లో ఉండే అక్కచెల్లెళ్ళు మాకేం పని అనుకోకండి. గోడలు ఇంటివాళ్ళవైనా ఫ్రిజ్జు, మంచాలు, మిక్సీ మీవే కదా? సామాను ఒక్కదానికే కూడా ఈ పాలసీ తీసుకోవచ్చు.

ఇక రానివి ఏమిటి? ఏళ్ళ తరబడి ఎక్కిన చెమ్మ, రాలిన సున్నం, పాత పగుళ్ళు, ఇవి బీమా కిందికి రావు. అవి మనం బాగుచేయించుకోవలసినవే. దొంగతనం కూడా, వరదో నిప్పో వచ్చిన ఏడు రోజుల్లోపల ఆ గందరగోళంలో జరిగితేనే ఇందులో చేరుతుంది. మామూలు దొంగతనానికి వేరే పాలసీ.

మట్టి మిద్దెల సంగతి

ఇప్పుడొక కష్టమైన మాట చెప్పాలి. నాగర్‌కర్నూలులో ఉన్న మా చెల్లెలి స్లాబు ఇంటికి, కేసరిసముద్రం చెరువు ఉన్న ఊరైనా, బీమా తేలికగానే దొరికింది. వనపర్తిలో మా వియ్యపురాలి వాళ్ళ పాత మిద్దెకు మాత్రం రెండు చోట్ల కాదన్నారు. మట్టిగోడలు, దూలాలు, దంతెలు, పైన చౌడుమట్టి. వందేళ్ళ నాటి ఇల్లు. దగ్గరలో నది లేదు, చెరువు లేదు. అయినా వాళ్ళ భయం ఉత్తిది కాదు. మన వైపు ఇళ్ళు కూలేది నది వల్లనే కాదు. నాలుగు రోజుల ముసురుకు గోడ నాని కూడా కూలుతుంది. 2021 అక్టోబరులో ఐజ మండలం కొత్తపల్లిలో రాత్రివేళ గోడ కూలి ఒకే కుటుంబంలో ఐదుగురు నిద్రలోనే పోయారు. ఆ వార్త విన్ననాడు మా ఇంట్లో ఎవరమూ అన్నం తినలేకపోయాం.

కాబట్టి అటువంటి ఇళ్ళు ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఇది. బీమా కోసం అడగండి, తప్పులేదు. కానీ అంతకుముందు వానాకాలం రాకముందే మిద్దె మీద మట్టి వేయించి, తూములు బాగుచేయించి, గోడ అడుగున నీళ్ళు నిలవకుండా చూడండి. వీలైతే ఒక్క గదైనా ఇటుకా సిమెంటుతో కట్టించుకోండి. ముసురు పట్టిన రాత్రి గోడ ఉబ్బినట్టో, మట్టి రాలినట్టో కనబడితే సామాను చూసుకోకండి. పిల్లలను తీసుకుని పక్కింటికి పోండి. ఏ పాలసీ అయినా ఇల్లు తిరిగి కట్టిస్తుంది గానీ, మనుషులను తెచ్చివ్వదు.

సర్కారు సాయం ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. విపత్తు సహాయ నిధి నియమాల ప్రకారం 2022-26 కాలానికి, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి ఇచ్చేది 1 లక్షా 20 వేల రూపాయలు. కొంత భాగమే దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500. ఆపదలో అది చేయూతే, కాదనను. కానీ ఇరవై లక్షల ఇల్లు దానితో లేస్తుందా? మీరే లెక్క వేసుకోండి.

నష్టం జరిగితే

ముందు మనుషులు క్షేమంగా ఉన్నారో లేదో చూసుకోండి. తరువాత ఆలస్యం చేయకుండా కంపెనీకి తెలపండి. తడిసిన సామాను వెంటనే పారేయకండి, బురద కడగకముందే ఫొటోలు తీయండి. గోడ మీద నీటి గుర్తు ఎంతవరకు ఉందో అది కూడా తీయండి. క్లెయిము ఫారం 30 రోజుల్లోపల ఇవ్వాలి. పాలసీ కాగితం ఇంట్లో ఒక్కచోటే ఉంటే ఇంటితోపాటు అదీ పోతుంది. ఒక నకలు వేరే ఊళ్ళో ఉన్న అమ్మ దగ్గరో, చెల్లెలి దగ్గరో ఉంచండి. ఫొటో తీసి మీ పిల్లల ఫోన్లలో పెట్టమనండి.

కంపెనీ అన్యాయంగా క్లెయిము కాదంటే ముందు ఆ కంపెనీలోనే ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపల హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. బీమా నియంత్రణ సంస్థకు ఫోనులో చెప్పుకోవాలంటే నంబరు 155255. ఒక్కటి గుర్తుంచుకోండి. ప్రీమియం తీసుకుని పాలసీ ఇవ్వకపోతే అంబుడ్స్‌మన్ వింటారు. అసలు ప్రీమియమే తీసుకోకుండా మొదటే వద్దంటే ఆ ఫిర్యాదు అక్కడ నిలవదు. అప్పుడు మరో కంపెనీ గుమ్మం తొక్కడమే మార్గం.

ఇదంతా ఎండాకాలంలోనే చేసుకోవలసిన పని. జూరాల గేట్లు ఎత్తారని వార్త విన్నాక పరుగెత్తితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. నీళ్ళు గడపలోకి వచ్చాక పాలసీ ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. కట్టడం ఎంత కష్టమో మన ఇళ్ళలో అందరికంటే మనకే ఎక్కువ తెలుసు. ఆ ఇంటికోసం చీరలు మానుకున్నది మనం, చీటీ డబ్బు ఇచ్చింది మనం. అటువంటప్పుడు దాని బీమా కాగితం ఎక్కడుందో, గడువు ఎప్పుడో తెలియకపోవడం మనకు తగునా?

మొన్న అలంపురం వెళ్ళినప్పుడు మా మేనత్త చేత ఫారం మీద సంతకం పెట్టించుకుని వచ్చాను. ఆ ఇంట్లోకి 2009లో నీళ్ళు వచ్చాయని ఉన్నదున్నట్టు రాశాం. కంపెనీ ఏమంటుందో ఇంకా తెలియదు. “ఇయ్యరేమోనే” అన్నది ఆవిడ. “ఇయ్యకపోతే ఎందుకియ్యరో కాగితం మీద రాసిస్తరు అత్తా. అది పట్టుకొని ఇంకో ఆఫీసుకు పోదాం” అన్నాను.

మీరు కూడా అలాగే అడగండి. సెలవు.